గురువారం ఆఫ్

రాజమహేంద్రవరం, 2024

ఆగస్టు 5, సోమవారం

రాత్రి మూడున్నర. నిద్ర పట్టలేదు, లేచి రాస్తున్నాను. ఇప్పుడే రాయకపోతే తెల్లారేసరికి ఏదో ఒక సాకు చెప్పుకుని దీన్ని మర్చిపోతాను.

రెండింటికి మా ఆవిడ చెంచాతో స్టీలు గ్లాసు మీద కొట్టింది. బాత్రూముకి. ఈ రాత్రికి అది మూడోసారి. లేపి, కుర్చీలో కూర్చోబెట్టి, తీసుకెళ్ళి, తెచ్చి పడుకోబెట్టాను. అంతా అయ్యాక చూస్తే కుడి పిడికిలిలో పెట్టే గుడ్డ చుట్ట ఎక్కడో జారిపోయింది. అది లేకపోతే వేళ్ళు బిగుసుకుని గోళ్ళు అరచేతిలోకి దిగుతాయి. ఆ పిడికిలి ఎలా తెరవాలో ఫిజియో కుర్రాడు ఎన్నోసార్లు చేసి చూపించాడు. ముందు మణికట్టుని మెల్లిగా లోపలికి వంచాలి. వంచితే వేళ్ళు వాటంతటవే వదులవుతాయి. అప్పుడు బొటనవేలు మొదట్లో పట్టుకుని ఒక్కొక్కటీ విప్పాలి. నాకు తెలియనిది కాదు. రెండేళ్ళుగా రోజుకి నాలుగుసార్లు చేస్తున్న పనే.

ఇవాళ వంచలేదు. వేళ్ళు పట్టుకుని లాగాను. "తెరవ్వేం!" అని అరిచాను. తెరవడం తన వల్ల అయ్యే పని కాదని తెలిసే అరిచాను.

తను "సరే" అంది.

పక్షవాతం వచ్చిన 2022 జూన్ నుంచి తనకి మిగిలిన మాట అదొక్కటే. నొప్పికీ సరే, ఆకలికీ సరే, వద్దనడానికీ సరే. ఏ సరేకి ఏమిటర్థమో గొంతుని బట్టి పోల్చుకుంటాను. ఇవాళ్టిది మాత్రం ఇంతకుముందు ఎప్పుడూ విననిది. గోడవైపు తిరిగిపోయింది. దీపం వేసి చూస్తే అరచేతిలో నాలుగు గోళ్ళ గాట్లు వరసగా ఉన్నాయి. కొబ్బరినూనె రాసి గుడ్డ పెట్టాను.

నలభై ఏళ్ళ కాపురంలో నేను తన మీద చెయ్యెత్తలేదు. ఇవాళా ఎత్తలేదు. కానీ ఎత్తడానికీ, ఆ వేళ్ళు అలా లాగడానికీ మధ్య ఇంకెంత దూరం మిగిలిందో నాకు తెలియడం లేదు.

ఆగస్టు 9, శుక్రవారం

కాలి దెబ్బ ఇంకా మానలేదు. ఇరవై రోజుల కిందట చక్రాల కుర్చీ ఫుట్‌రెస్ట్ మడవకుండా దగ్గరికి లాక్కుంటే ఎడమ మోకాలి కింద ఎముక మీద కొట్టింది. పావలా బిళ్ళంత పుండు. పైన పొక్కు కడుతుంది, స్నానం చేయించేటప్పుడు తడిసి ఊడిపోతుంది, మళ్ళీ పచ్చిగా తయారవుతుంది.

ఐదింటికి లేపుతాను. పళ్ళు తోమించాక రాగిజావ. నీళ్ళలా పల్చగా ఉన్నది ఏదైనా పొలమారుతుంది కాబట్టి అన్నీ కొంచెం చిక్కగానే పెడతాను. ముద్ద ఎడమ బుగ్గవైపే పెట్టాలి. కుడివైపు పెడితే అక్కడే ఉండిపోతుంది, ఉన్నట్టు తనకి తెలియదు. గడ్డం కిందికి వంచి మింగించాలి. తర్వాత బీపీ మాత్ర, కొలెస్ట్రాల్ మాత్ర, రక్తం పల్చబడే మాత్ర. కాళ్ళకీ చేతులకీ కసరత్తు, స్నానం, వంట, మళ్ళీ ముద్దలు. మధ్యాహ్నం తను పడుకున్న గంటలో బట్టలు. ఆవిడ మాత్ర ఒక్కటి తప్పిపోయినా అర్ధరాత్రి గుర్తొచ్చి లేచి కూర్చుంటాను. నా షుగరు మాత్ర వేసుకున్నానో లేదో సాయంత్రానికే గుర్తుండదు.

ఆగస్టు 16, శుక్రవారం

వరలక్ష్మీ వ్రతం. ఎదురింటివాళ్ళు తాంబూలం ఇవ్వడానికి వచ్చారు. వాళ్ళతోపాటు మా పెదనాన్నగారి కోడలూ, ఇంకో ఇద్దరు చుట్టాలూ. తనకి పట్టుచీర కట్టాను. కూర్చున్న మనిషికి కుచ్చిళ్ళు పెట్టడం నాకు ఇప్పుడు బాగానే వచ్చు.

చుట్టాలావిడ ఒకరు ప్రేమకొద్దీ "లే అమ్మా, ఓసారి అమ్మవారి దగ్గరికి వద్దువుగాని" అంటూ కుడి చెయ్యి పట్టుకుని పైకి లాగబోయారు. పడిపోయిన చేతికి భుజం కీలు వదులుగా ఉంటుంది. చెయ్యి పట్టి లాగితే జారిపోతుంది. ఎప్పుడు లేపినా నడుముకి కట్టిన పంచె పట్టుకునే లేపాలి. "ఆ చెయ్యి ముట్టుకోకండి!" అని నేను అరిచిన అరుపుకి గదిలో అందరూ బిగుసుకుపోయారు. ఆవిడకి కళ్ళనీళ్ళొచ్చాయి. పండగపూట ఇంటికొచ్చిన ముత్తయిదువ. తర్వాత క్షమించమని అడిగాను గాని, ఈ నెలలో ఇది రెండో అరుపు.

వెళ్ళేముందు అందరూ ఒకటే మాట: "మీరు మనిషి కాదండి, దేవుడు. ఈ రోజుల్లో ఏ మొగుడు చేస్తాడండి ఇంత!" ఈ మాట వినగానే నాకు లోపల ఏదో మండుతుంది. మా వీధి చివర ఒక ఇంట్లో కోడలు మంచం పట్టిన అత్తగారికి ఆరేళ్ళు చేసింది. పుండు పడకుండా రెండు గంటలకోసారి పక్కకి తిప్పింది. ఆవిణ్ణి దేవతన్నవాళ్ళని నేనొక్కరినీ చూడలేదు. అది కోడలి పని, అంతే. మగవాడు చేస్తే దండలు. నన్ను దేవుణ్ణి చేసి వెళ్ళిపోయినవాళ్ళలో "ఓ గంట నేను కూర్చుంటాను, మీరు పడుకోండి" అన్నవాళ్ళు కూడా లేరు. దేవుడికి నిద్ర అక్కర్లేదనుకుంటారు కాబోలు.

ఒక్క మనిషి మాత్రం మొదటినుంచీ అంటూనే ఉంది. తన చెల్లెలు, కొవ్వూరులో ఉంటుంది. "వారానికో రోజు నేనొస్తాను బావగారూ" అని రెండేళ్ళుగా అడుగుతోంది. "నీకెందుకమ్మా శ్రమ" అని ప్రతిసారీ నేనే కాదంటున్నాను.

ఆగస్టు 27, మంగళవారం

పుండు నల్లబడేసరికి భయమేసి షుగరు డాక్టరు దగ్గరికి వెళ్ళాను. ఎదురింటి కోడల్ని రెండు గంటలు కూర్చోమని బతిమాలితే "దానికి బతిమాలడమేంటి బాబాయిగారూ" అంది.

మూడు నెలల సగటు 9.4 వచ్చింది. మాత్రలు వేసుకుంటున్నారా అని అడిగారు. నిజమే చెప్పాను. డాక్టరుగారు నా మొహంలోకి చూసి "ఇంట్లో మిమ్మల్ని ఎవరు చూసుకుంటారు?" అన్నారు. "నన్ను చూసేదేముందండి, పేషెంటు మా ఆవిడ" అన్నాను. తన ఫైలు ఎప్పుడూ నా సంచిలోనే ఉంటుంది. అది అడిగి తీసుకుని, నా రిపోర్టు అందులో పెట్టి తిరిగి ఇచ్చేశారు. "మీ కాలు పోతే ఆవిణ్ణి లేపేదెవరు? ఇది ఆవిడ కేసులో కాగితమే" అన్నారు.

రాత్రి అమ్మాయికి ఫోను చేశాను. విశాఖపట్నంలో కాలేజీలో ఫిజియాలజీ చెబుతుంది. కాసేపు మాట్లాడలేదు. తర్వాత క్లాసులో చెప్పినట్టు ఒక సంగతి చెప్పింది. 1995లో అమెరికాలో, ఒహాయోలో, మతి తప్పే జబ్బున్న ఇంట్లోవాళ్ళకి చాకిరీ చేస్తున్న పదముగ్గురు ఆడవాళ్ళని తీసుకున్నారట. అలాంటి చాకిరీ లేని, అదే ఈడు ఆడవాళ్ళని ఇంకో పదముగ్గుర్ని తీసుకున్నారు. అందరికీ చేతిమీద మూడున్నర మిల్లీమీటర్ల చిన్న గాయం చేసి, ఎవరిది ఎన్నాళ్ళకి మానుతుందో చూశారు. చాకిరీ చేసేవాళ్ళ గాయం మానడానికి తొమ్మిది రోజులు ఎక్కువ పట్టింది. "ఒత్తిడి మనసులోనే ఉంటుందనుకుంటావు నాన్నా. అది చర్మం మీద కూడా ఉంటుంది. నీ షుగరొక్కటే కాదు, నీ నిద్ర కూడా ఆ పుండులోనే ఉంది" అంది.

ఇంకోటి కూడా ఉంది, చెప్పనా వద్దా అంటూనే చెప్పేసింది. 1999లో అచ్చయిందట. జబ్బుపడ్డ భార్యకో భర్తకో చేస్తున్న పెద్దవాళ్ళని నాలుగేళ్ళు గమనించారు. ఆ పనిలో నలిగిపోతున్నామన్నవాళ్ళలో చనిపోయే ముప్పు, ఆ పని లేనివాళ్ళకన్నా 63 శాతం ఎక్కువ కనిపించింది. చెప్పాక ఏడ్చింది. వెంటనే వస్తానంది. ప్రాక్టికల్సు జరుగుతుంటే ఎలా వస్తావు, వద్దన్నాను. పెట్టేశాక మళ్ళీ నేనే చేశాను. "పిన్నికి నేను ఫోను చేస్తాను, నువ్వు కూడా ఓ మాట చెప్పు" అన్నాను.

సెప్టెంబర్ 3, మంగళవారం

విజయవాడ మునిగిపోయింది. రెండ్రోజులుగా టీవీలో అదే. సింగ్‌నగర్‌లో నడుంలోతు నీళ్ళలో ఒకాయన ముసలి తల్లిని వీపు మీద మోసుకెళుతుంటే చూసి టీవీ కట్టేశాను.

ఆర్టీసీలో నేను చివరి ఇరవై రెండేళ్ళూ చేసింది డ్యూటీ చార్టులు వెయ్యడం. ఏ సర్వీసుకి ఏ డ్రైవరు, ఏ కండక్టరు, నైటవుట్ ఎవరు, స్పేర్‌లో ఎవరు, ఎవరికి ఏ రోజు వీక్లీ ఆఫ్. 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం నాకు కంఠతా వచ్చు. రోజుకి ఎనిమిది గంటలు, వారానికి నలభై ఎనిమిది. ఐదు గంటలు వరసగా చేస్తే అరగంట విశ్రాంతి ఇచ్చి తీరాలి. వారానికో రోజు సెలవు.

కూతురి పెళ్ళికి డబ్బులు కావాలని ఒక డ్రైవరు నా బల్ల ముందు నిలబడి డబుల్ డ్యూటీ వెయ్యమని అడిగిన సంగతి ఈ పొద్దున్న గుర్తొచ్చింది. అప్పటికే భద్రాచలం నైటవుట్ చేసి వచ్చాడు, కళ్ళు ఎర్రగా ఉన్నాయి. మళ్ళీ అటే పంపమంటాడు. "నేను బానే ఉన్నాను సార్" అని పదిసార్లు అన్నాడు. వెయ్యలేదు. "బాగున్నానని నువ్వు చెబితే సరిపోదు. నీ వెనకాల యాభైమంది కూర్చుంటారు" అన్నాను. చాలా రోజులు నాతో మాట్లాడలేదు. అప్పట్లో ఘాట్‌రోడ్డు మీద స్టీరింగు పట్టుకునేవాడికి నిద్ర ఎంత అవసరమో నాకంటే బాగా తెలిసినవాడు మా డిపోలో లేడనుకునేవాణ్ణి.

పాత రూళ్ళ పుస్తకంలోంచి ఓ కాగితం చింపి చార్టు గీశాను. నిలువు గళ్ళు ఏడు. 2022 జూన్ నుంచి ఈ వారం దాకా లెక్కవేస్తే, ఈ ఇంటి సర్వీసు మీద ఒకే డ్రైవరు. స్పేర్ లేడు. ఆఫ్ ఒక్కటీ లేదు. ఏ డిపోలోనైనా ఇలాంటి చార్టు మీద సంతకం పెట్టిన గుమస్తాని సస్పెండు చేస్తారు.

గురువారం గడిలో "ఆఫ్, 3 నుంచి 7" అని రాసి, స్పేర్ అన్నచోట మరదలి పేరు రాశాను. అమ్మాయి అప్పటికే మాట్లాడిందట. ఫోను చేస్తే మరదలు "ఆయ్, వస్తానండి" అంది, ఇంకేమీ అడగలేదు.

సెప్టెంబర్ 12, గురువారం

మొదటి ఆఫ్.

రెండున్నరకే దిగింది మరదలు. ముప్పావు గంటసేపు అన్నీ అప్పజెప్పాను. నీళ్ళు ఎంత చిక్కగా ఉండాలో, కుర్చీకి రెండువైపులా బ్రేకు వేశాకే ఎందుకు లేపాలో, పంచె నడుముకి ఎక్కడ కట్టాలో. తను మంచం మీదనుంచి మా ఇద్దరినీ చూస్తోంది. చెప్పులేసుకుంటుంటే "సరే" అంది, ఎక్కడికి అన్నట్టు. "ఊరికే, గట్టుదాకా" అన్నాను.

వీధి మొగకి వచ్చాక ఎటు వెళ్ళాలో తెలియలేదు. రెండేళ్ళలో మందుల షాపుకీ, రైతుబజారుకీ, ఆస్పత్రికీ తప్ప అడుగులు పడ్డ దారి లేదు. పుష్కరఘాట్‌కి నడిచి మెట్ల మీద కూర్చున్నాను. గోదారి నిండుగా, ఎర్రగా ఉంది. దూరంగా రోడ్డు కం రైలు వంతెన మీద రైలు వెళుతోంది. 1974లో అది తెరిచినప్పుడు నాకు పద్నాలుగేళ్ళు, మా నాన్న చూపించడానికి తీసుకెళ్ళాడు. దాని మీదుగా వెళ్ళే బస్సులకే తర్వాత ఇన్నేళ్ళు చార్టులు వేశాను.

వెనకాల టీ బండివాడు గ్లాసులో చెంచా తిప్పాడు. టింగున మోగింది. నేను లేచి నిలబడిపోయాను. నాలుగు మెట్లెక్కాక గాని ఎక్కడున్నానో తెలియలేదు. గుండె దడదడా కొట్టుకుంటోంది. టీబండి కుర్రాడు "ఏమైందండీ, కూర్చోండి" అని మంచినీళ్ళిచ్చాడు.

ఇంటికి మూడుసార్లు ఫోను చేశాను. మూడోసారి మరదలు "బావగారూ, మీరు ఇలా చేస్తే అక్క నిద్ర పాడవుతుందండి" అంది. ఐదుంబావుకే ఇంట్లో ఉన్నాను.

సెప్టెంబర్ 19, గురువారం

ఆరింటికి వచ్చాను. గేటు దగ్గర ఉండగానే నవ్వు వినిపించింది.

తన నవ్వు. గొంతులోంచి వచ్చే పెద్ద నవ్వు, చివర్లో దగ్గుతో కలిసిపోయేది. రెండేళ్ళయింది విని. ఎక్కడిదో టీవీ అనుకున్నాను మొదట. వరండాలో నిలబడి విన్నాను. చిన్నప్పుడు కాలవలో వాళ్ళ మేనత్త పడిపోయిన సంగతి మరదలు అభినయించి చెబుతోంది. తను నవ్వుతూ "సరే, సరే, సరే" అంటోంది, ఇంకా చెప్పమన్నట్టు.

లోపలికి వెళ్ళాను. తలకి నూనె రాసి, జడ వేసి, కనకాంబరాలు పెట్టి ఉన్నాయి. పళ్ళెంలో ఎర్రటి అన్నం మరకలు. ఆవకాయ! బీపీ మనిషికి, ఉప్పు కొలిచి వండుతున్న మనిషికి! నా మొహం చూడగానే తన నవ్వు ఆగిపోయింది. అది నేను చూశాను.

మరదల్ని అనరాని మాటలే అన్నాను. ఆవిడ పళ్ళెం తీసి, కడిగి, చేతులు తుడుచుకుని వచ్చి నెమ్మదిగా అంది. "ఒక్క ముద్దండి, అదీ వేలితో తాకించి కలిపాను. తప్పయితే ఇంక పెట్టను. కానీ బావగారూ, అక్కకి రెండేళ్ళనుంచి మీ మొహం తప్ప ఇంకో మొహం లేదండి. మీకు ఆఫ్ కావాలని చార్టు వేసుకున్నారు. మరి అక్కకో?"

ఆవిణ్ణి ఏడుగంటల బస్సు ఎక్కించి వచ్చాను. దారిలో క్షమించమన్నాను. "ఊరుకోండి బావగారూ" అంది.

ఇప్పుడు పదకొండయింది. తను పడుకుంది. పూలు తీసేయబోతే ఎడమచేత్తో నా చెయ్యి తోసేసింది, ఉంచేశాను. ఇంతకాలం నేను అలసిపోతున్నానా లేదా అన్నదే లెక్క చూసుకున్నాను. నావల్ల తను అలసిపోతుందన్న ఆలోచన ఒక్కరోజు కూడా రాలేదు. నోట్లోకి వచ్చే ప్రతి ముద్దా నా చేతిది, కళ్ళు తెరిస్తే నా మొహం, ఆ మొహం మీద ఎప్పుడూ ఏదో పని. తనకి మాట ఉండి ఉంటే ఎన్నాళ్ళ కిందటే నన్ను బయటికి పొమ్మనేదో.

సెప్టెంబర్ 28, శనివారం

రాత్రి ఒంటిగంటకి 14416కి ఫోను చేశాను. టెలీ మానస్. 2022 అక్టోబర్‌లో కేంద్రం మొదలుపెట్టిన మానసిక ఆరోగ్య సహాయం. డబ్బులు అక్కర్లేదు, ఇరవై నాలుగు గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు. నెంబరు అమ్మాయే ఎప్పుడో పంపింది. దాచి ఉంచాను గాని, అది పిచ్చివాళ్ళకి అనుకున్నాను.

పేరు కూడా చెప్పకుండా మొదలుపెట్టాను. తన గదిలో గాని, బంధువుల ముందు గాని, అమ్మాయితో గాని చెప్పలేనిది ఆ ఎవరో తెలియని అమ్మాయితో చెప్పాను. ఇక్కడా రాస్తాను.

2022 జూన్‌లో ఆవేళ పొద్దున్న ఆరింటికి కాఫీ గ్లాసు తన కుడిచేతిలోంచి జారిపోయింది. "చెయ్యి తిమ్మిరెక్కిందండీ" అంది. మాట కొంచెం ముద్దగా వచ్చింది. రాత్రి చేతిమీద పడుకుని ఉంటావు, కాసేపు పడుకో అన్నాను. తొమ్మిదింటికి ఆర్ఎంపీ వచ్చి వాతం అన్నాడు, సూది చేశాడు. పన్నెండింటికి మూతి వంకరపోయాక ఆటో ఎక్కించాను. గడ్డ కరిగించే ఇంజెక్షనుకి మొదటి లక్షణం కనిపించిన దగ్గర్నుంచి నాలుగున్నర గంటలు గడువట. ఆ గడువు పదిన్నరకే దాటిపోయింది. అందుకే ఈ చాకిరీ ఇంకొకరికి ఇవ్వలేకపోయాను. ఇది నేను కట్టాల్సిన జరిమానా అనుకున్నాను. జరిమానాకి సెలవుంటుందా?

ఆ అమ్మాయి మధ్యలో ఒక్కసారి కూడా అడ్డురాలేదు. అంతా విన్నాక, వరసగా ఆరుగంటలు పడుకుని ఎన్నాళ్ళయిందని అడిగింది. చెప్పలేకపోయాను. కోపం తన్నుకొచ్చినప్పుడు మొదట ఆవిడ పడిపోకుండా మంచం పక్క కమ్మీ పైకెత్తి, తర్వాత గది దాటి వరండాలోకి వెళ్ళమంది. ఐదు నిమిషాలు. ఊపిరి తీసుకున్నదానికన్నా వదిలేది నెమ్మదిగా ఉండాలంది. "అలా వెళ్ళిపోవడం ఆవిణ్ణి వదిలెయ్యడం కాదండి, ఆవిణ్ణి కాపాడటమే" అంది. అవసరమైతే ఇక్కడే డాక్టరుతో కలుపుతామంది. వచ్చేవారం మళ్ళీ మాట్లాడతానన్నాను.

అక్టోబర్ 12, శనివారం

దసరా. అమ్మాయి, అల్లుడు వచ్చి నాలుగురోజులు ఉన్నారు. రెండు రాత్రులు గ్లాసు చప్పుడుకి అమ్మాయే లేచింది. నేను మేడమీద పడుకున్నాను. మొదటి రాత్రి మూడుసార్లు మెలకువొచ్చింది. రెండో రాత్రి తెల్లారి ఆరున్నరదాకా లేవలేదు.

పుండు పొక్కు కట్టింది, గట్టిగా ఉంది. తన స్నానం అప్పుడు కాలికి పాలిథిన్ సంచి కట్టుకుంటున్నాను. మాత్రలు తన డబ్బా పక్కనే పెట్టాను. తనకి వేసినప్పుడే నేనూ వేసుకుంటాను. నేను మింగేదాకా తను నా గొంతువైపు చూస్తుంది.

అక్టోబర్ 29, మంగళవారం

ఇవాళ ప్రపంచ పక్షవాత దినమట. ఫిజియోథెరపీ గది బయట బెంచీ మీద ఎప్పుడూ ఉండేవాళ్ళమే ఉన్నాం. నాన్నకి తీసుకొచ్చే ముప్ఫయ్యేళ్ళ అమ్మాయి, ఉద్యోగం మానేసింది. పుట్టినప్పటినుంచీ కాళ్ళు రాని కొడుకుని పంతొమ్మిదేళ్ళుగా ఎత్తుకుని తిప్పుతున్న ధవళేశ్వరం ఆవిడ. ఒక రిటైర్డు మాస్టారు. ఏడాదిగా ఒకరికొకరు కనిపిస్తూనే ఉన్నాం, "బాగున్నారా" తప్ప ఇంకో మాట లేదు. నేనే మొదలుపెట్టాను. రాత్రిళ్ళు మీకు ఎంత నిద్ర ఉంటుందమ్మా అని ఆ అమ్మాయిని అడిగాను. అంతే, గంటసేపు ఎవరూ ఆగలేదు. ధవళేశ్వరం ఆవిడ, మనిషిని ఎత్తేటప్పుడు నడుం కాదు మోకాళ్ళు వంచాలని బెంచీ ముందు చేసి చూపించింది. "పంతొమ్మిదేళ్ళలో ఇది నన్నడిగిన మొదటివారు మీరేనండి" అంది. మంగళవారం మంగళవారం ఓ అరగంట ముందు వద్దామనుకున్నాం.

తర్వాత నరాల డాక్టరుగారు వచ్చి మాట్లాడారు. మూతి వంకరపోవడం, చెయ్యి వాలిపోవడం, మాట ముద్దగా రావడం, ఈ మూడింటిలో ఏది కనిపించినా గడియారం చూసుకుని పరుగెత్తమన్నారు. అందరి ముందూ లేచి నా జూన్ పొద్దుటి సంగతి చెప్పి, వేళకి తెచ్చి ఉంటే నడిచేదా అని అడిగాను. ఆయన వెంటనే జవాబివ్వలేదు. "అవకాశం పెరిగేది, అది అబద్ధం చెప్పను. కానీ వేళకి వచ్చినవాళ్ళందరూ నడిచి వెళ్ళడం లేదండి" అన్నారు. గొంతులో ఏదో అడ్డుపడి కూర్చుండిపోయాను. మాస్టారు నా మోకాలి మీద చెయ్యి వేసి అలాగే ఉంచారు.

నవంబర్ 15, శుక్రవారం

కార్తిక పౌర్ణమి. మరదలు నిన్న గురువారం వచ్చి రాత్రి ఉండిపోయింది. సాయంత్రం రద్దీ కాకముందే ఇద్దరం కలిసి తనని ఘాట్‌కి తీసుకెళ్ళాం. కుర్చీ మెట్లు దిగదు కాబట్టి పైనే ఆపాం. మరదలు కిందికి వెళ్ళి, అరటిదొప్పలో దీపం వదిలింది. తన ఎడమచెయ్యి దానివైపే చాచి ఉంది, దీపం కనబడినంతసేపూ.

నవంబర్ 21, గురువారం

నాలుగురోజులుగా తనకి జలుబు. రాత్రి సరిగ్గా పడుకోలేదు. ఇవాళ వెళ్ళకూడదనుకున్నాను. మరదలు వచ్చి టవలు, జావ, అన్నీ సర్దుకున్నా నేను పుస్తకం పట్టుకుని ముందుగదిలో కూర్చున్నాను. మూడుంబావు అయింది. గట్టు మీద మాస్టారు ఎదురుచూస్తుంటారు. ఈమధ్య ఆయనకీ గురువారమే.

గ్లాసు చప్పుడు. పరుగెత్తాను. బాత్రూమా అన్నాను. కాదన్నట్టు తల తిప్పింది. మంచినీళ్ళా? కాదు. దుప్పటి సర్దబోతే నా చెయ్యి తోసేసింది. చెంచా ఎత్తి తలుపు పక్కన ఉన్న నా చెప్పులవైపు చూపించింది. గోడమీది చార్టువైపు చూసింది. మళ్ళీ చెప్పులవైపు.

"జలుబు తగ్గలేదు కదా, ఈ వారానికి ఉంటాలే" అన్నాను.

గ్లాసు మీద ఇంకోసారి కొట్టింది, ఈసారి గట్టిగా.

"సరే" అంది.